ఫ్లెక్సీ మీద బూడిద రంగు మనిషి

నా ఉద్యోగానికి చివరిదాకా సరైన పేరు లేదు. ఉరవకొండ దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేరాను. ఒకసారి జిల్లా ఆఫీసులో ఏదో సభకు బ్యానర్ రాయాలని పిలిపించారు. రాసి ఇచ్చాను. మళ్ళీ బడికి పొమ్మని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అట్లా ఆ ఆఫీసులోనే రిటైరయ్యాను.

పని మాత్రం ఉండేది. పేరు బోర్డు, గోడరాత, ఫ్లెక్సీ, కరపత్రం, తల్లిదండ్రులకు పంపే చీటీ, ఇట్లా జిల్లాలో బడుల తరఫున జనానికి కనపడే ప్రతిదీ ఒకే తీరుగా ఉండేటట్టు చూడాలి. ఏ ఊర్లో బస్సు దిగినా ఇది మన బడి అని దూరం నుంచే తెలిసిపోవాలి. ఇప్పటివాళ్ళు దీన్ని బ్రాండింగ్ అంటున్నారు. మా రోజుల్లో "ఓబులేసూ, దీన్ని కొంచెం చూడు" అనేవాళ్ళు. రెండూ ఒకటే.

నా కుర్చీలోకి ఇప్పుడు ఒక అమ్మాయి, ఒక అబ్బాయి వచ్చారు. ఒక్కడి పనికి ఇద్దరిని వేశారంటే నేను చాలా చేశాననైనా అనుకోవాలి, ఏమీ చేయలేదనైనా అనుకోవాలి. "సార్, మీ అనుభవాలు రాసివ్వండి" అని వాళ్ళే అడిగారు. కంప్యూటర్ వాళ్ళకు నాకంటే బాగా వచ్చు. కాబట్టి కంప్యూటర్లో దొరకనివి రాస్తాను.

ఎండే పెద్ద ఆఫీసరు

మన జిల్లాలో రంగు ఎంచుకునేది మీరు కాదు, ఎండ. ఫ్లెక్సీ మీద ఎరుపు మొదట పోతుంది. దాని వెనకే పసుపు పోతుంది. రెండు ఎండాకాలాలు గడిస్తే ఏ పార్టీ ఫ్లెక్సీ అయినా, ఏ సినిమా ఫ్లెక్సీ అయినా నీలంగా మారి అంతా ఒకే పార్టీ అవుతుంది. మిగిలేవి నీలం, నలుపు, బూడిద. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. రాప్తాడులో హైవే పక్కన బస్సు కోసం నిలబడి నేర్చుకున్నాను. అందుకే జిల్లా బడులన్నిటికీ నీలం అంచు పెట్టాను. ఎట్లాగూ నీలమయ్యేదే కదా, ముందే అయిపోతే ఒక పని తప్పుతుందని. నీలం విశాలమైన జ్ఞానానికి గుర్తు అని మా ఆఫీసరొకరు సభలో చెప్పారు. నేను ఖండించలేదు.

ఫ్లెక్సీకి రెండో జన్మ కూడా ఉంది. సభ అయిపోగానే అది శనక్కాయల కుప్ప మీదికో గొర్రెల దొడ్డి మీదికో పోతుంది. మొదటి జన్మ వారం, రెండోది ఏళ్ళ తరబడి. "సార్, ఈసారి ఫ్లెక్సీ కొంచెం పెద్దది పెట్టిద్దాం" అని హెడ్మాస్టరు అడిగితే బడి మీద ప్రేమ అనుకోవద్దు, దొడ్డి కొలత అనుకోండి. ఇందులో తప్పేమీ లేదు. ఉరవకొండ దారిలో ఒకచోట "చదువే వెలుగు" అనే మాట కింద మేకలు పడుకుని ఉండడం చూశాను. సభలో కంటే అక్కడే ఎక్కువమంది దాన్ని చదివి ఉంటారు.

పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు

నేను చేరినప్పుడు ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనడానికి కూడా వీల్లేదు. అన్నీ ఉలిపికట్టెలే. ఒక బడికి దీపం గుర్తు, ఇంకో బడికి పుస్తకం గుర్తు, మరో బడికి నెమలి. ఆ నెమలిని చూసి "నాటుకోడి ఎందుకు వేసినావప్పా?" అని నేను మామూలుగా అడిగాను. ఆ పెయింటరు తర్వాత నాతో మాట్లాడలేదు.

ధర్మవరం వైపు ఒక బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. హెడ్మాస్టరు విషయం రాసి ప్రెస్సుకు పంపాడు. ఆ ప్రెస్సువాళ్ళకు పెళ్ళి పత్రికలు తప్ప వేరే పని తెలియదు. పైన వినాయకుడు, పక్కన అరటి చెట్లు, కింద "సకుటుంబ సపరివారంగా" అని వేసి, మధ్యలో సమావేశం సంగతి ఇరికించి ఇచ్చారు. ఆ రోజు బడికి జనం ఎన్నడూ రానంతమంది వచ్చారు. మగ్గం నేసేవాళ్ళ ఆడవాళ్ళు పట్టుచీరల్లో వచ్చారు. ఒకాయన స్టీలు బిందె పట్టుకొచ్చి ఎవరికివ్వాలో తెలియక గంటసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. హెడ్మాస్టరు హాజరు గురించి ఉపన్యాసం ఇస్తుంటే వెనక నుంచి ఒకామె "అయ్యా, భోజనాలు యాడ?" అని అడిగింది.

జనం అక్షరాలు చదవడానికి ముందు కాగితాన్ని చూస్తారు. కాగితం పెళ్ళిలా ఉంటే వాళ్ళు పెళ్ళికి వస్తారు. మన ఉద్యోగం పుట్టిందే అందుకు.

ఫోటోల సంగతి

అయితే అసలు శత్రువు రంగూ కాదు, ప్రెస్సూ కాదు. ఫోటోలు.

మన దగ్గర ఫ్లెక్సీ అంటే ఫోటోలు. పైన గుండ్రాల్లో పెద్ద నాయకులు, వాళ్ళ కింద మండలం నాయకులు, ఆ కింద ఊరి పెద్దలు, అడుగున స్టాంపుల సైజులో చలవ అద్దాలు పెట్టుకున్న యువకులు. ఎవరి ఫోటో ఎంత పెద్దదో వాళ్ళ మర్యాద అంత. ఎవరిదైనా మరిచిపోతే అది మరపు కాదు, అవమానం. వీటన్నిటి తర్వాత జాగా మిగిలితే బడి పేరు వేస్తారు. ఒక ఫ్లెక్సీలో అది ఏ ఊరి బడో వెతికేలోపల నా టీ చల్లారిపోయింది.

అందుకే నాయకులు, దాతలు, ఉద్యోగులు ఎవరి ఫోటోలూ ఉండకూడదని ఒక రూలు రాశాను. జిల్లా అంతా ఒకటే నమూనా: నీలం అంచు, బడి పేరు పెద్దగా, కుడివైపు ఒక గుండ్రం. గుండ్రంలో ఆ బడి విద్యార్థి ఫోటో. మా ఆఫీసరు దాన్ని చదవకుండానే సంతకం పెట్టేశారు. అంతకు ముందు వారమే ఒక ఫ్లెక్సీలో ఆయన ఫోటో తన కింది అధికారి ఫోటో కంటే చిన్నగా పడింది. ఆయనకు ఆ రోజుల్లో ఫోటోలంటేనే వైరాగ్యం.

గుండ్రంలో ఫోటో ఎక్కడ పెట్టాలో తెలియడానికి కంప్యూటర్లో దొరికే ఒక బొమ్మ పెట్టాను. మీకు తెలిసిందే. తల, భుజాలు, అంతే. కళ్ళు లేవు, ముక్కు లేదు, ఒట్టి బూడిద రంగు. దాన్ని తీసి విద్యార్థి ఫోటో పెట్టుకోండి అని వాట్సాప్‌లో రాశాను. వాట్సాప్‌లో రాసిన సూచన చెవిటివాడి ముందు ఊదిన శంఖం. మీరు ఊదడం మాత్రం మానొద్దు.

నల్లమాడ వైపు ఒక ఊరు

ఊరి పేరు రాయను. రెండు వీధుల వాళ్ళూ నాకు ఇప్పటికీ ఫోన్ చేస్తారు.

ఆ ఊరికి పైవీధి, కిందవీధి అని రెండు వీధులు, వీధికొక పెద్దాయన. ఇద్దరూ వరసకు బావాబామ్మర్దులు, మాటల్లేవు. అంతకు ముందు ఏడాది బడి ఫ్లెక్సీలో పైవీధి పెద్దాయన ఫోటో వేశారు. మరునాటి నుంచి కిందవీధి పిల్లలు ఆటోలెక్కి వేరే ఊరి బడికి పోవడం మొదలుపెట్టారు. దాంతో పెద్ద తరగతుల్లో పిల్లలు తగ్గిపోయారు. ఈ ఏడాది తొమ్మిదో తరగతిలో చాలినంతమంది చేరకపోతే తొమ్మిది, పది తరగతులు తీసేసి మండలంలోని హైస్కూల్లో కలిపేస్తామని పైనుంచి చెప్పారు.

ఆ బడి హెడ్మిస్ట్రెస్ సుభద్ర మేడమ్. అడ్మిషన్ల రోజుల్లో నాకు ఫోన్ చేసింది.

"సార్, ఎనిమిది పాసైన ఆడపిల్లలు ఈడ శానామంది ఉండారు. తరగతి ఉంటే సదువుతారు, పోతే ఇంట్లో కూర్చుంటారు. నాగవేణి అని ఒక పాప ఉండాది, బంగారు మాదిరి సదువుతాది. వాళ్ళ నాయన ఎర్రిస్వామి గొర్లు కాసుకుంటాడు. 'ఊర్లో ఉంటే సదివిస్తా మేడమ్. నేను గొర్లెమ్మడి పోతే అది బస్సు దిగినాక సూసేదెవురు?' అంటాండాడు. ఆయప్పకు నేనేం చెప్పేది?"

"పిల్లల్ని చేర్పించండి మేడమ్. నమూనా పంపినాను కదా, ఫ్లెక్సీ కట్టండి."

"దాని గురించే సార్ ఫోన్ చేసింది. ఇద్దరు పెద్దమనుషులూ వచ్చి కూర్చున్నారు. ఆ గుండ్రంలో నా ఫోటో పెట్టాలంటే నా ఫోటో పెట్టాలంటారు. ఒకరిది పెడితే రెండో వీధి పిల్లోళ్ళు రారు. ఇద్దరిదీ పెడితే ఎవరు ముందని పంచాయితీ."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అయినా నాకు రూలు ఉంది కదా, ధైర్యంగా చెప్పాను.

"అందులో విద్యార్థి ఫోటో పెట్టాల మేడమ్."

"ఏ విద్యార్థి సార్? పైవీధి పాపదా, కిందవీధి పాపదా?"

ఆ ప్రశ్న నా రూలులో లేదు. "రేపు చెప్తా మేడమ్" అన్నాను. ఆఫీసులో ఇది కూడా ఒక జవాబే.

మరునాడు పైవీధి పెద్దాయన ఎవరి చేతనో మా ఆఫీసరుకు చెప్పించాడు. ఆఫీసరు నన్ను పిలిచారు.

"ఓబులేసూ, ఆ ఒక్క ఊరికి చిన్న ఫోటో పెడదామప్పా. ఒక్కటే కదా."

"పెడదాం సార్. రూలు మీద మీ సంతకం ఉండాది. దాన్ని తీసెయ్యాలంటే మీదే ఇంకో సంతకం కావాల."

ఆయన పెన్ను మూత పెట్టేసి, "చూద్దాంలే" అన్నారు. ఆఫీసులో చూద్దామంటే లేదని అర్థం. అయితే ఫోన్లో పెద్దాయనకు మాత్రం "మీ పని అయిపోయినట్టే" అని చెప్పారు. ఆఫీసర్లు ఇట్లా చేస్తారు. కోపం తెచ్చుకోవద్దు. రెండు మాటలకూ మధ్య మిగిలిన జాగాలోనే మన ఉద్యోగం ఉంటుంది.

రెండు రోజుల తర్వాత పెద్దాయనే మా ఆఫీసుకు వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు.

"ఏమప్పా డ్రాయింగ్ సారూ, నా మొగం నీ బొమ్మకు పనికిరాదా?"

"పనికొస్తాది అన్నా. జిల్లాలో ఎవురి మొగమూ పెట్టలేదు. ఇదో, ఈ అనంతపురం ఆఫీసు ముందర కట్టిందాంట్లో మా ఆఫీసరుదే లేదు."

ఆయన కిటికీలోంచి ఆ ఫ్లెక్సీని చూశాడు. గుండ్రంలో ఎవరో బడిపాప నవ్వుతూ ఉంది.

"అంటే కిందవీధోనిది కూడా ఉండదా?"

"ఉండదు."

"రేపు వాడొచ్చి అడిగితే?"

"ఇదే చెప్తా."

ఆయన టీ తాగాడు. చివరికి, "వానిది లేకుంటే నాది లేకున్నా ఏం కాదులే" అని లేచిపోయాడు.

నా సర్వీసు మొత్తంలో నాకు తెలిసిన పెద్ద సంగతి ఇదే. మనుషులు తమ ఫోటో ఉండాలని అంతగా అడగరు. ఎదుటివాడిది ఉండకూడదని అడుగుతారు. అంతా ఒకే తీరుగా ఉంచితే ఆ రెండో కోరిక ఉచితంగా తీరిపోతుంది. పైగా పాపం సుభద్ర మేడమ్ లాంటివాళ్ళు "నేనేం చేసేది అన్నా, జిల్లా అంతా ఇట్లే అంట" అని తప్పు మనమీదికి తోసెయ్యవచ్చు. అట్లా తోయించుకోవడానికే మనకు జీతమిచ్చేది.

నమూనా ప్రకారం

అయితే గుండ్రంలో ఏ పాప ఫోటో పెట్టాలో ఇంకా తేలలేదు. నేను చెప్తానన్న రేపు రాలేదు. సుభద్ర మేడమ్ చూసి చూసి కదిరిలో ఫ్లెక్సీలు కొట్టే మస్తాన్‌కు ఫోన్ చేసింది.

"గుండ్రంలో ఏం పెట్టమంటారు మేడమ్?" అన్నాడు మస్తాన్.

"ఏమీ పెట్టద్దు భాయ్. ఎట్లుండేది అట్లే కొట్టు."

మస్తాన్ మాట మీద నిలబడే మనిషి. ఎట్లుండేది అట్లే కొట్టాడు. బూడిద రంగు మనిషి నిలువెత్తు ఫ్లెక్సీలో, కళ్ళూ ముక్కూ లేకుండా, ఊరి బస్టాపు ఎదురుగా బడి గోడకు ఎక్కాడు.

మొదటి రోజు జనం నిలబడి చూశారు. కిందవీధి పెద్దాయన ఫోటో పెట్టబోతే జిల్లా ఆఫీసువాళ్ళు మొహం చెరిపేశారని పైవీధిలో చెప్పుకున్నారు. కిందవీధిలో ఇదే మాట పైవీధి పెద్దాయన గురించి చెప్పుకున్నారు. రెండు వీధులూ సంతోషపడ్డాయి. ఆడవాళ్ళు మాత్రం వేరే లెక్క వేశారు. మొహం కనపడడం లేదంటే బాగా పాత ఫోటో అయి ఉంటుంది, పాత ఫోటో అంటే పోయిన మనిషి, బడి గోడ మీద ఉన్నాడంటే బడికి స్థలమిచ్చిన పుణ్యాత్ముడు. ఎవరో కనకాంబరాల దండ తెచ్చి వేశారు. ఇంకెవరో నుదురు ఉండవలసిన చోట కుంకుమ పెట్టారు. టెంకాయ కొట్టింది ఎవరో తేలలేదు.

ఎర్రిస్వామి గొర్రెలను తోలుకుని పోతూ ఆగి సుభద్ర మేడమ్‌ను అడిగాడట.

"ఈయప్ప ఎవురు మేడమ్?"

"బడిని సూసుకునే ఆయన" అంది మేడమ్. ఇంకేం చెప్పాలో ఆమెకు తోచలేదు.

"ఏ వీధి?"

"ఏ వీధీ కాదు."

"అట్లయితే మంచోడే" అన్నాడు ఎర్రిస్వామి.

ఆ దండ వేసిన ఫోటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి మా ఆఫీసరు దగ్గరికి చేరింది. ఆయన నన్ను పిలిచి, "ఎవరప్పా ఈ బూడిద మనిషి? తీయించు. ఇంకేదన్నా ఫోటో పెట్టించు" అన్నారు. జీపు కూడా ఇచ్చారు. మామూలుగా నాకు జీపు ఇవ్వరు.

పోయి చూశాను. నిజం చెప్పాలంటే మనసు చివుక్కుమంది. అంత పెద్ద జిల్లాలో ఒక్క గీత తేడా లేకుండా పని చేయించాలని ఎన్నో ఏళ్ళు తిరిగిన మనిషిని నేను. నా నమూనాకు దండ వేసి టెంకాయ కొట్టారు. ఫ్లెక్సీ తాడు మీద చెయ్యి వేశాను.

సుభద్ర మేడమ్ పరుగెత్తుకొచ్చింది.

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటా, ఇప్పుడు తియ్యద్దండి. ఈ పొద్దు కిందవీధి నుంచి ఆటో పోలేదు. పిల్లోళ్ళు ఈడికే వచ్చినారు. తీసి ఎవురి మొగం పెట్టినా మళ్ళీ మొదలు. తొమ్మిదో తరగతి నిండేదాకా ఆయప్పను ఉండనీండి."

వరండాలో అడ్మిషన్ల బల్ల దగ్గర ఎర్రిస్వామి నిలబడి ఉన్నాడు. పక్కనే జడలు గట్టిగా బిగించుకున్న ఒక పాప. ఎనిమిదో తరగతి మార్కుల కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, నా వైపు కాదు, నా చేతిలో ఉన్న తాడు వైపు చూస్తూ ఉంది. అది నాగవేణి అని ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. నేను ఆ తాడు విప్పితే ఏమవుతుందో ఊర్లో అందరికంటే ఆ పాపకే బాగా తెలుసు. నాకు సిగ్గేసింది. తాడు వదిలేశాను.

ఆఫీసుకు వచ్చి నోట్ రాశాను: "సదరు ఫ్లెక్సీని స్వయంగా పరిశీలించితిని. జిల్లా నమూనా ప్రకారమే ఉన్నది." అందులో అబద్ధం లేదు. జిల్లాలో నా నమూనాను ఒక్క గీత తేడా లేకుండా పాటించిన ఊరు అదొక్కటే. మిగతా ఊళ్ళన్నీ ఫోటో మార్చాయి. ఆఫీసరు చదివి, నన్ను ఒకసారి చూసి, సంతకం పెట్టేశారు.

ఆ ఏడాది తొమ్మిదో తరగతి నిండింది. తీసేయలేదు. తర్వాతి ఏడాది పది కూడా నిలిచింది. నాగవేణి పదో తరగతి ఊర్లోనే పాసైంది. మొదట పెట్టిన ఫ్లెక్సీ చినిగిపోతే సుభద్ర మేడమ్ మస్తాన్ చేత అదే మళ్ళీ కొట్టించింది. ఈసారి పైవీధి, కిందవీధి కలిసి కట్టాయని చెప్పింది. నేను నమ్మలేదు కాని సంతోషపడ్డాను.

కొత్తగా వచ్చినవాళ్ళకు

ఎవరినీ "బాగుందా?" అని అడగొద్దు. బాగుందనే అంటారు. "ఇది ఎవరు పంపింది?" అని అడగండి. బడి అని వెంటనే చెప్తే మీ పని అయినట్టు.

నమూనాలో ఏది పెట్టినా అట్లాగే అచ్చవుతుందని నమ్మండి. ఖాళీ జాగా కూడా అచ్చవుతుంది. కాబట్టి మీరు పెట్టే ఖాళీ జాగా ఎవరినీ ఏడిపించకుండా ఉండాలి.

పై అధికారి ఒక్క చోట మినహాయింపు అడిగితే కాదనొద్దు. రాసిమ్మనండి.

పేరు మాత్రం ఎరుపులో వేయొద్దు.

నా ఫ్లెక్సీ

రిటైర్మెంటు సభ ఆఫీసులోనే జరిగింది. కొత్త అమ్మాయి, అబ్బాయి కలిసి ఫ్లెక్సీ చేయించారు. నీలం అంచు. "శ్రీ ఓబులేసు గారికి పదవీ విరమణ శుభాకాంక్షలు" అని పెద్ద అక్షరాలు. కుడివైపు గుండ్రంలో బూడిద రంగు మనిషి.

"ఇదేందమ్మా?" అని అడిగాను.

"ఉద్యోగుల ఫోటో ఉండకూడదని మీ రూలే కదా సార్" అంది అమ్మాయి. నవ్వలేదు. ఈ అమ్మాయి పైకొస్తుంది.

నా పేరు మాత్రం ఎరుపులో వేశారు. బాగా కనపడాలని అట.

సభకు సుభద్ర మేడమ్ వచ్చింది. వెంట నాగవేణి, కదిరిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. వాళ్ళ వెనకే తలకు తువ్వాలు చుట్టుకున్న ఎర్రిస్వామి. అందరూ ఉపన్యాసాలు ఇస్తుంటే ఆయన ఫ్లెక్సీని చూస్తూ కూర్చున్నాడు. సభ అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. గుండ్రంలోకి ఒకసారి, నా మొహంలోకి ఒకసారి చూశాడు.

"మా ఊర్లో బడికాడ ఉండేది మీరేనా సార్?"

సుభద్ర మేడమ్ నేల చూపులు చూసింది. నాగవేణి మాత్రం నన్నే చూస్తోంది. ఆ పాపకు అంతా తెలుసని ఆ చూపులోనే అర్థమైంది.

"అవునప్పా" అన్నాను.

ఎర్రిస్వామి తువ్వాలు తీసి దండం పెట్టాడు. పెట్టి, "సార్, సభ అయిపాయ కదా. ఈ ఫ్లెక్సీ నాకిస్తారా? గొర్ల దొడ్డికి కప్పుకుంటా" అన్నాడు. నేనే తాళ్ళు విప్పి, మడిచి ఇచ్చాను.

మొన్న నాగవేణి ఫోన్లో ఆ దొడ్డి ఫోటో పంపింది. రెండు ఎండాకాలాలు గడిచాయి. నా పేరు పూర్తిగా పోయింది. ఆయన మాత్రం ఉన్నాడు.